రిమోట్ కంట్రోల్ పడవ, 4ఎస్ మోనో: తొంభై సెకన్లకే ఈఎస్‌సీ పొగ, పైగా పడవ గెంతుతోంది

సగంమునక
720 మి.మీ. ఫైబర్ మోనో (ఒకే హల్, అంటే ఒకే దొప్ప), డీప్ వీ (అడుగు లోతైన వీ ఆకారం). మోటార్ సైజు 3674, 2200 కేవీ (వోల్టుకి అన్ని ఆర్‌పీఎం). ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నడిపే సర్క్యూట్) 120 ఆంపులు, వాటర్ కూలింగ్ ఉంది. 2ఎస్ (రెండు సెల్లుల) 5000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీలు రెండు సిరీస్‌లో (కలిపి 4ఎస్, 14.8 వోల్టులు), మోటార్‌కి అటొకటి ఇటొకటి. ముక్కు దగ్గర చోటుందని ఈఎస్‌సీ అక్కడ పెట్టాను. 4.76 మి.మీ. ఫ్లెక్స్ (మోటార్ నుంచి ప్రాప్‌కి వెళ్లే వంగే కేబుల్), ప్రాప్ (ప్రొపెల్లర్) ఎక్స్442.
ఫుల్ థ్రాటిల్ ఇస్తే ముక్కు లేస్తుంది, దభీమని పడుతుంది, మళ్లీ లేస్తుంది. తొంభై సెకన్లకి ఆగిపోయింది. హాచ్ (పై మూత) తీస్తే పొగ. కెపాసిటర్లలో ఒకటి తల ఉబ్బి చిట్లింది. మోటార్ మీద చెయ్యి ఆనడం లేదు.
180 ఆంపుల ఈఎస్‌సీ వేస్తే సరిపోతుందా?

గ్రీజుచేతులు
సరిపోతుంది. 120 అని స్టిక్కర్ మీద రాసినంత మాత్రాన 120 లాగదు. 180 వేసి హాయిగా తిప్పండి.

కీల్‌లైన్
అప్పుడే కొనకండి. పడవ ఇలాగే ఉంటే 180 కూడా పోతుంది, కాకపోతే మూడు నిమిషాలు పడుతుంది.
లెక్క వేద్దాం. 2200 × 14.8 = 32,560 ఆర్‌పీఎం, లోడ్ లేకుండా. ఫుల్ ఛార్జ్ 16.8 వోల్టుల దగ్గర దాదాపు 37,000. ఎక్స్442 అంటే 42 మి.మీ. వ్యాసం, పిచ్ (ఒక చుట్టుకి ముందుకి పోయే దూరం) దానికి 1.4 రెట్లు, అంటే 58.8 మి.మీ. 32,560నీ ఈ పిచ్‌నీ గుణిస్తే గంటకి 115 కి.మీ. కాగితం మీద. ఆ సైజు మోటార్, ఆ బ్యాటరీలు అంత వేగం మోయలేవు. మోయలేనిది మొయ్యమంటే ఆంపులు తాగుతుంది, తాగినదంతా వేడి అవుతుంది.
ఈ సైజు మోనోకి లోడ్ లేని ఆర్‌పీఎం 28 నుంచి 32 వేల మధ్య పెట్టుకుని, ప్రాప్ చిన్నదాంతో మొదలెట్టి, టెంపరేచర్ చూసుకుంటూ పెంచుకోవాలి. మీరు పైనుంచి మొదలెట్టారు.

సగంమునక
అదే హల్‌లో 442 తిప్పుతున్నవాళ్లున్నారు కదా, వీడియోల్లో చూశాను.

కీల్‌లైన్
ఉన్నారు. వాళ్ల మోటార్ కేవీ ఎంత, ఎన్ని సెకన్లు తిప్పారు అన్నది వీడియోలో రాదు.

తడిబ్యాటరీ
నలభై సెకన్ల వీడియో, ముప్ఫై సెకన్ల పాట. మిగతా పది సెకన్లే పడవ :)

నాలుగోపోల్
కెపాసిటర్ తల ఉబ్బింది అన్నారు. అది ఆంపుల చావు కాదు, రిపుల్ (వోల్టేజీ ఎగుడుదిగుళ్ల) చావు. ఆంపులు ఎక్కువై పోతే సాధారణంగా ఫెట్లు (కరెంటుని తెంపి కలిపే ట్రాన్సిస్టర్లు) కాలతాయి, బోర్డు నల్లబడుతుంది. కెపాసిటర్ ఉబ్బిందంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీ వైర్లని. బ్యాటరీలు మోటార్ పక్కన, ఈఎస్‌సీ ముక్కులో అంటున్నారు. మధ్యలో వైరు ఎంత పొడవు?

సగంమునక
ఒరిజినల్ వైరుకి 20 సెం.మీ. అతికాను. 12 గేజ్. రెండు ప్యాక్‌లని కలిపే జంపర్ ఇంకో 15 ఉంటుంది.

నాలుగోపోల్
దొరికింది.
ఈఎస్‌సీ కరెంటుని సెకనుకి వేలసార్లు తెగ్గొట్టి కలుపుతుంటుంది. పొడవాటి వైరులో పారుతున్న కరెంటు టక్కున ఆగదు, ఆపిన ప్రతిసారీ వోల్టేజీని పైకి తన్నుతుంది. ఆ తన్ను తినడానికే కెపాసిటర్లు ఉన్నది. వైరు పొడవయ్యేకొద్దీ తన్ను పెద్దదవుతుంది, కెపాసిటర్ లోపల వేడెక్కి ఉబ్బుతుంది. ఫ్యాక్టరీ వాడు ఇచ్చిన పొడవుకి సరిపోయేటన్ని కెపాసిటర్లే పెడతాడు. మీరు 20 కలిపారు, జంపర్‌తో 35.
పొడవు పెంచాల్సి వస్తే మోటార్ వైపు మూడు వైర్లు పెంచుకోండి. అక్కడ ఇంత ప్రమాదం లేదు. బ్యాటరీ వైపు సెంటీమీటరు కూడా పెంచొద్దు, వీలైతే తగ్గించండి.
తప్పనిసరైతే 35 వోల్టులు, 105 డిగ్రీలు తట్టుకునే లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటర్లు, ఈఎస్‌సీ నుంచి రెండు మూడు సెం.మీ. లోపే, ప్లస్ మైనస్ సరిచూసుకుని అతకాలి. తిరగేస్తే అది టపాకాయ.

గ్రీజుచేతులు
సరే, వైరు సంగతి ఒప్పుకుంటాను. కానీ అప్పటిదాకా సగం థ్రాటిల్‌లో నెమ్మదిగా తిప్పుకుంటే పోదు కదా.

నాలుగోపోల్
తిరగేసి చెప్పారు గురూ. సగం, ముప్పాతిక థ్రాటిల్‌లోనే కోత ఎక్కువ, రిపుల్ ఎక్కువ. ఫుల్ దగ్గర కోత దాదాపు ఉండదు. మెల్లగా తిప్పితే మంచిదనుకుని ఈఎస్‌సీని ఉడకబెట్టేవాళ్లు చాలామంది. ప్రాప్ చిన్నది వేసి ఫుల్‌లో తిప్పడం మేలు.

సగంమునక
ముక్కు గెంతడం సంగతి ఎవరూ చెప్పలేదు.

మూడోస్పాన్సన్
సీజీ (బరువు సమంగా తూగే చోటు) ఎక్కడుంది? బ్యాటరీలు లోపల పెట్టి, హాచ్ వేసి, ట్రాన్సమ్ (వెనక గోడ) నుంచి కొలవండి. అడుగున అడ్డంగా గుండ్రటి పుల్ల పెట్టి పడవని దాని మీద నిలబెట్టండి. ఎటూ ఒరగని చోట టేపు ముక్క అంటించండి.

సగంమునక
185 మి.మీ.

మూడోస్పాన్సన్
720లో 185 అంటే 26 శాతం కూడా లేదు. మోనోకి 30 శాతం దగ్గర మొదలెట్టాలి, అంటే 216. వెనక బరువెక్కువై ముక్కు తేలుతోంది, తేలినప్పుడు అడుగు గాలి పట్టుకుని ఇంకా లేస్తోంది, బరువుకి పడుతోంది. మూడు సెం.మీ. ముందుకి జరపాలి.
ఒకటి గమనించారా? మోటార్ పక్కనున్న ప్యాక్‌లని ముందుకి, ఈఎస్‌సీ వైపు జరిపితే సీజీ ముందుకొస్తుంది, వైరు పొడవూ దానంతటదే తగ్గుతుంది. ఆ 20 సెం.మీ. అతుకు విప్పి పారేయొచ్చు. ఈఎస్‌సీ పోయినదానికీ పడవ గెంతేదానికీ కారణం ఒకే చోట కూర్చుంది.

కీల్‌లైన్
+1. పైగా గెంతే పడవ ప్రాప్‌ని ఒకసారి గాలిలోకి, ఒకసారి లోతుకి తీసుకెళుతుంది. గాలిలో ఆర్‌పీఎం ఎగిరిపోతుంది, నీళ్లలో పడ్డ క్షణం కరెంటు ఈటెలా లేస్తుంది. సెకనుకి రెండు మూడుసార్లు అలా జరిగితే సగటు ఆంపులు చూసి లాభం లేదు.

తడిబ్యాటరీ
కొని రెండు వారాలు కూడా కాలేదని ఏడవాలా, అంతా ఒకే తప్పని నవ్వాలా.

రోకర్‌వేటగాడు
సీజీ ఒక్కటే అనుకోకండి. పడవ తిరగేసి స్టీల్ స్కేలు అడుగున, ట్రాన్సమ్ నుంచి ముందుకి, కీల్‌కి (అడుగున మధ్య గీతకి) పక్కగా ఆనించి లైటుకి ఎదురుగా చూడండి. చివరి 200 మి.మీ. ముఖ్యం. స్కేలు మధ్యలో ఆని రెండు చివర్లా వెలుగు కనబడితే అది రోకర్, అడుగు బయటికి ఉబ్బింది. ముక్కు లేపేది, గెంతించేది అదే. మధ్యలో వెలుగు కనబడితే హుక్, లోపలికి గుంట. అది ముక్కుని కిందికి నొక్కుతుంది, పడవ తడిగా, నెమ్మదిగా పోతుంది. ఫైబర్ హల్‌ని అచ్చులోంచి తొందరగా తీస్తే రెంటిలో ఏదో ఒకటి వస్తుంది.
అర మి.మీ. ఉన్నా తేడా తెలుస్తుంది. గుంటని మైక్రోబెలూన్ కలిపిన ఎపాక్సీతో నింపి, చదునైన చెక్కకి 220 కాగితం చుట్టి రుద్దాలి. చేత్తో రుద్దకండి, వేళ్ల గుంటలు పడతాయి.
అంచులు కూడా చూడండి. ట్రాన్సమ్ అడుగు అంచు, చైన్లు (అడుగూ పక్కగోడా కలిసే అంచులు), స్ట్రేకులు (అడుగున పొడవునా ఉండే గట్లు) గోరుకి తగిలేంత పదునుగా ఉండాలి. గుండ్రంగా ఉంటే నీళ్లు వదలవు, అంచు చుట్టూ పైకి పాకి పడవని వెనక్కి పట్టుకుంటాయి. పక్కన టేపు గోడలా కట్టి, ఎపాక్సీ పోసి, ఆరాక చదును చేస్తే పదునైన అంచు వస్తుంది. పెయింటు మెరుపు కోసం అంచులు కూడా పాలిష్ చేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

సగంమునక
స్కేలు పెట్టాను. ఎడమ పక్క చదును. కుడిపక్క ట్రాన్సమ్ నుంచి 60 మి.మీ. దగ్గర సన్నగా వెలుగు, కాగితం దూరేంత.

రోకర్‌వేటగాడు
చిన్న హుక్. కాగితం దూరేంతే అయితే ఇప్పుడు ముట్టుకోకండి. సీజీ సరిచేశాక మిగిలితే చూద్దాం. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

గ్రీజుచేతులు
ఇక్కడ నేను చెప్పగలిగేది ఉంది. ఫ్లెక్స్ చూశారా? ప్రాప్ ముందుండే డ్రైవ్ డాగ్‌కీ స్ట్రట్‌కీ (ప్రాప్ షాఫ్ట్‌ని పట్టుకునే వెనక గొట్టానికీ) మధ్య ఎంత ఖాళీ?

సగంమునక
దాదాపు ఆనుకునే ఉంది. ఊగకుండా బిగించా.

గ్రీజుచేతులు
అది కూడా ఆంపులు తినేదే. ఫ్లెక్స్ కేబుల్ పేనిన తీగ. లోడ్ పడగానే మెలి బిగుసుకుని పొట్టిదవుతుంది. ఖాళీ లేకపోతే డాగ్ వచ్చి స్ట్రట్ మూతికి రాసుకుంటుంది, మోటార్ బేరింగ్ మీద కూడా లాగుడు పడుతుంది. 2 నుంచి 3 మి.మీ. వదలాలి. స్ట్రట్ మూతి దగ్గర నల్లటి మరక ఉందేమో చూడండి, ఉంటే రాసుకుందన్నట్టే.
ఇంకోటి. కప్లర్ (మోటార్‌నీ కేబుల్‌నీ కలిపేది) విప్పి ప్రాప్‌ని రెండు వేళ్లతో తిప్పండి. ఏ కోణంలోనూ పట్టెయ్యకూడదు. పట్టేస్తే ట్యూబు వంపు మరీ ఎక్కువైందని, లేదా టెఫ్లాన్ లైనర్ ఎక్కడో నలిగిందని. ప్రతి రన్ తర్వాత కేబుల్ బయటికి తీసి తుడిచి, మెరైన్ గ్రీజు పట్టించి పెట్టాలి. రెండో రన్‌కి పెడదాంలే అనుకుంటే లోపల నీళ్లు చేరి మర్నాటికి తుప్పు.

నాలుగోపోల్
180 కొనమన్న మనిషేనా ఇది :)

గ్రీజుచేతులు
కరెంటు మీ శాఖ, గ్రీజు నాది.

కీల్‌లైన్
స్ట్రట్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మొదటి సెట్టింగ్: స్ట్రట్ కీల్‌కి సమాంతరంగా, స్ట్రట్ గొట్టం అడుగు అంచు కీల్ అడుగుతో సమంగా. పడవని చదునైన బల్ల మీద పెడితే రెండూ ఒకేసారి కనబడతాయి.
కోణం: వెనక చివర కిందికి వంగితే ప్రాప్ వెనక భాగాన్ని ఎత్తుతుంది, ముక్కు దిగుతుంది. వెనక చివర పైకి లేస్తే ముక్కు లేస్తుంది. ఎత్తు: స్ట్రట్ దింపితే ప్రాప్ లోతుకి పోయి పట్టు పెరుగుతుంది, ఆంపులూ పెరుగుతాయి, ముక్కు తడిగా ఉంటుంది. పైకి జరిపితే పడవ వదులవుతుంది, స్టార్ట్‌లో ప్రాప్ జారుతుంది. ఒకసారికి ఒక మి.మీ. మించి కదపకండి.

వైరువంకర
క్యాటమరాన్‌కి (రెండు దొప్పల పడవకి) కూడా ఇదేనా?

కీల్‌లైన్
ఎత్తు స్పాన్సన్ (పక్క దొప్ప) అడుగుతో చూసుకోవాలి, సమాంతరం అదే. కానీ టన్నెల్ (రెండు దొప్పల మధ్య ఖాళీ) కింద గాలి చేరి ముక్కు లేస్తే మోనోలా గెంతదు, పల్టీ కొడుతుంది. విడిగా ఇంకో చర్చ మొదలెట్టండి.

మూడోస్పాన్సన్
ప్రాప్‌కి వద్దాం. 442 తీసి 438 వెయ్యండి. ఒకే రకం ప్రాప్, ఒకే ఆర్‌పీఎం అయితే లోడ్ వ్యాసానికి ఐదో ఘాతంగా పోతుంది. 38ని 42తో భాగించి ఐదుసార్లు గుణిస్తే 0.61. నాలుగు మి.మీ. తగ్గిస్తే నలభై శాతం బరువు దిగిపోతుంది.

నాలుగోపోల్
ఆ ఐదో ఘాతం పూర్తిగా మునిగిన ప్రాప్‌కి. ఇది సగం గాలిలో తిరిగేది, పైగా ఆర్‌పీఎం కూడా ఒకేలా ఉండదు, లోడ్ తగ్గితే పెరుగుతుంది. నిజంగా దిగేది అంతకంటే తక్కువ.

మూడోస్పాన్సన్
ఒప్పుకుంటాను. అంచనాకి చెప్పాను. ఎటు జరగాలో చెబుతుంది, ఎంత జరగాలో టెంపరేచర్ గన్ చెబుతుంది.

రోకర్‌వేటగాడు
కొత్త ప్రాప్ పెట్టెలోంచి తీసి తగిలించెయ్యకండి. పోత పోసిన ప్రాప్ మొండిగా, బ్యాలెన్స్ లేకుండా వస్తుంది. ముందు అంచుకి పదును పెట్టేది పడవ వైపుండే ఉబ్బెత్తు ముఖం నుంచి. నీళ్లని నెట్టే వెనక ముఖాన్ని ముట్టుకోవద్దు, పిచ్ చెడుతుంది. తర్వాత మ్యాగ్నెటిక్ బ్యాలెన్సర్ మీద పెట్టి, కిందికి దిగే రెక్క ఉబ్బెత్తు వైపే కొంచెం కొంచెం తీయాలి. ఎలా పెట్టినా అలాగే ఆగితే అయినట్టు. 30,000 ఆర్‌పీఎం దగ్గర బ్యాలెన్స్ లేని ప్రాప్ స్ట్రట్ బుష్‌ని తినేస్తుంది.
బెరిలియం కాపర్ ప్రాప్ అయితే ఈ పని పొడిగా చెయ్యకండి. ఆ పొడి ఊపిరితిత్తులకి విషం. నీళ్లలో తడిపి రుద్దాలి, మాస్క్ తప్పనిసరి, పొడి ఎగరకుండా తడిగుడ్డతో తుడిచెయ్యాలి. గ్రైండర్ పెట్టి ఇంట్లో దుమ్ము లేపొద్దు.

తడిబ్యాటరీ
రిసీవర్ గురించి ఒక్కమాట. యాంటెన్నా చివర తొడుగు లేని 31 మి.మీ. ముక్క నీటి మట్టం పైకి, నిలువుగా గొట్టంలో ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌ని నీళ్లు మింగేస్తాయి. ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోతే పనిచేసే సెట్టింగ్‌లో) థ్రాటిల్ జీరో పెట్టి, ప్రాప్ తీసేసి, రిమోట్ ఆపి చూసుకోండి. లోపల ఫోమ్ కూరారా? కూరకపోతే ఇక్కడ ఇంత చర్చా చెరువు అడుగుకి.

సగంమునక
ఫోమ్ ముక్కులో ఉంది, వెనక లేదు. పెడతాను.
చేసినవి: కాలినదాని చోట మళ్లీ 120 ఆంపులదే పెట్టాను, అతుకు లేకుండా. ప్యాక్‌లు ముందుకి, సీజీ 214. జంపర్ 6 సెం.మీ.కి కోశాను. డాగ్ దగ్గర 2.5 మి.మీ. (స్ట్రట్ మూతికి నల్లటి మరక ఉంది, గ్రీజుచేతులు గారు చెప్పినట్టే). ప్రాప్ 438, పదును పెట్టి బ్యాలెన్స్ చేశాను. మొదటిసారి ఎంతసేపు తిప్పాలి?

నాలుగోపోల్
ముప్ఫై సెకన్లు. ఒడ్డుకి తెచ్చి హాచ్ తీసి కొలవండి. తర్వాత నిమిషం, తర్వాత రెండు. మోటార్ ఒళ్లు 80 డిగ్రీలు దాటనివ్వకండి, మ్యాగ్నెట్లు లోపల ఇంకా వేడిగా ఉంటాయి. ఈఎస్‌సీ 60, లైపో 55. కెపాసిటర్ల తలలు విడిగా కొలవండి, మీకు అసలు జబ్బు అక్కడే. నడుస్తున్నప్పుడు కూలింగ్ నీళ్లు పక్క రంధ్రం నుంచి ధారగా రావాలి. చుక్కలుగా వస్తే ఎక్కడో సిలికాన్ గొట్టం మడతపడింది.
రన్ అయ్యాక ఛార్జర్‌లో ఎంత ఎక్కిందో రాసుకోండి. అంతకంటే నిజాయితీగల ఆంప్ మీటర్ లేదు.

సగంమునక
మూడు నిమిషాల రన్ అయింది. మోటార్ 58, ఈఎస్‌సీ 46, కెపాసిటర్లు 49, బ్యాటరీలు 44. తిరిగి 3650 ఎంఏహెచ్ ఎక్కాయి. గెంతడం పోయింది.
కానీ ఫుల్‌లో కుడి పక్క వాలుతోంది, ఎడమకి తిప్పితే తోక జారి గిరగిరా తిరిగింది.

మూడోస్పాన్సన్
3.65 ఆంప్ అవర్, మూడు నిమిషాలు, అంటే 73 ఆంపుల సగటు. 120కి చల్లటి బతుకు. 440కి కూడా చోటుంది, కానీ ఇప్పుడే వద్దు.

కీల్‌లైన్
ప్రాప్ వెనక నుంచి చూస్తే గడియారానికి ఎదురుగా తిరుగుతుంది, హల్ దానికి వ్యతిరేకంగా కుడికి వాలుతుంది. ఎడమ ప్యాక్‌ని 10 మి.మీ. బయటికి జరపండి. అప్పటికీ వాలితే కుడి ట్రిమ్ ట్యాబ్ (వెనక అంచున ఉండే చిన్న రేకు) అర మి.మీ. దించండి, ఆ మూల లేస్తుంది. బరువుతో పోయేదాన్ని ట్యాబ్‌తో సరిచేస్తే ఆ ట్యాబ్ నీళ్లని గీరుతుంది, వేగం పోతుంది.
ఎడమ మలుపు గురించి బాధపడకండి. ఈ పడవలు కుడికి తిరగడానికే కట్టినవి, రేసు కూడా ఎక్కువగా గడియారం దిశలోనే. కుడి మలుపులో తోక జారితే అప్పుడు టర్న్ ఫిన్ (మలుపులో పట్టునిచ్చే రేకు) చూద్దాం.

సగంమునక
కుడికి జారలేదు. పట్టాల మీద పోయినట్టు పోయింది.

రోకర్‌వేటగాడు
అయితే ఆ హుక్ జోలికి పోకండి. కాగితం మందం హుక్ మీకు సాయమే చేస్తున్నట్టుంది.

తడిబ్యాటరీ
హాచ్ చుట్టూ టేపు వేశారా?

సగంమునక
వేశాను. తీసి చూస్తే లోపల రెండు చెంచాల నీళ్లు.

గ్రీజుచేతులు
స్ట్రట్ ట్యూబులోంచి. గ్రీజు తక్కువైంది.